లెమూరియా, కుమరి కండం, అట్లాంటిస్, ద్వారక: అసలు మునిగింది ఏమిటి?

మీ ప్రశ్న పెద్దది కాబట్టి మిగతావాళ్ళ కోసం కుదించి చెప్తాను. హిందూ మహాసముద్రంలో లెమూరియా అనే ఖండం మునిగిపోయిందా, తమిళులు చెప్పే కుమరి కండం అదేనా, గ్రీకుల కథలో మునిగిన అట్లాంటిస్ దీవి సంగతేంటి, ద్వారక దొరికిందంటున్నారు కదా మరి, మన ఆంధ్ర తీరంలో అలాంటివేమైనా ఉన్నాయా అని అడిగారు. చివర్లో "ఇవన్నీ జియాలజీ వాళ్ళకు తెలిసీ దాస్తున్నారని యూట్యూబ్‌లో చెప్తున్నారు, నిజమేనా సార్" అన్నారు.

తేలికైనది కాబట్టి ఆఖరి ప్రశ్నకే మొదట జవాబు. నేను ముప్ఫై రెండేళ్ళు రాళ్ళతో పనిచేసి రిటైరయ్యాను, తార్నాకలో ఉంటాను. మా ఆఫీసులో దాచాలని చూసింది ప్రమోషన్ల లిస్టు ఒక్కటే. అది కూడా మధ్యాహ్నం భోజనాల వేళకు క్యాంటీన్లో తెలిసిపోయేది. ఇక మునిగిన ఖండం కనిపెట్టినవాడు దాన్ని దాచుకుంటాడా? మర్నాడే పేపర్ రాసి పంపిస్తాడు.

కథల్లోకి వెళ్ళేముందు కాస్త రాయి గురించి చెప్పాలి. మియాపూర్‌లోనో కొండాపూర్‌లోనో బోరు వేసేటప్పుడు నిలబడి చూశారా? పైన కాస్త మొరం, ఆ తర్వాత ఎంత లోతుకు వెళ్ళినా రాయే. ఆ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. మౌలాలి గుట్ట, గోల్కొండ కోట కింది బండలు, ఖాజాగూడ రాళ్ళు అన్నీ ఆ కుటుంబమే. ఖండాల కింద ఇలాంటి తేలిక రాయి సాధారణంగా 35, 40 కిలోమీటర్ల మందాన ఉంటుంది. మహాసముద్రం అడుగున ఉండేది బసాల్టు, అంటే చేవెళ్ళ దాటి వికారాబాద్ వైపు వెళ్తే కనిపించే నల్లరాయి జాతి. అది సుమారు 7 కిలోమీటర్ల మందమే, కానీ బరువెక్కువ. లీటరు గిన్నెకు సరిపడా గ్రానైటు 2.7 కిలోలు తూగితే బసాల్టు 3 కిలోలు తూగుతుంది. ఈ రెంటికీ అడుగున ఉన్న పొర 3.3 కిలోలు. ఆ అడుగు పొర గట్టి రాయే అయినా లక్షల ఏళ్ళ లెక్కలో చూస్తే మెల్లగా పాకుతుంది. దాని మీద ఖండం తెప్పలా తేలుతోంది. తెప్ప పక్కకు జరగొచ్చు, చీలొచ్చు, ఇంకో తెప్పను గుద్దుకోవచ్చు. ఒక్క రాత్రిలో మొత్తంగా అడుగుకు మునిగిపోవడానికి మాత్రం దానికి బరువు చాలదు.

సముద్రపు అడుగు అలా కాదు. పాతబడి, చల్లబడి, బరువెక్కి మళ్ళీ భూమి లోపలికి దిగిపోతుంది. అందుకే మహాసముద్రాల అడుగున డ్రిల్లింగ్ చేసి తీసిన రాళ్ళలో 20 కోట్ల ఏళ్ళు దాటినవి దాదాపు కనిపించవు. మీ అపార్ట్‌మెంట్ కింద 250 కోట్ల ఏళ్ళ రాయి, సముద్రం కింద దానిలో పదో వంతు వయసు కూడా లేని రాయి! శ్రీలంకకు దక్షిణాన ఉన్న "గ్రావిటీ హోల్" మీద మీరు పంపిన వీడియో కూడా చూశాను. అక్కడ గురుత్వాకర్షణ తక్కువగా ఉండటం నిజమే. దానివల్ల సముద్ర మట్టం ఉండాల్సిన దానికంటే 106 మీటర్లు కిందికి ఉందన్నదీ నిజమే. కానీ "కింద లెమూరియా ఉంది కాబట్టే" అన్నది వీడియో వాళ్ళ సొంత కవిత్వం. ఇండియా ఉత్తరానికి వచ్చేటప్పుడు మధ్యలో టెథిస్ అనే సముద్రం ఉండేది. దాని అడుగు భూగర్భంలోకి దిగి అక్కడి వేడి పదార్థాన్ని కదిలించడం వల్ల ఈ లోటు ఏర్పడిందని 2023లో బెంగళూరు ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) పరిశోధకులు లెక్కగట్టి చూపించారు. అంటే ఆ కథలో మునిగింది ఒక సముద్రం!

లెమూరియా అన్న మాట పుట్టింది మాత్రం పిచ్చి ఊహలోంచి కాదు. 1864లో ఫిలిప్ స్క్లేటర్ అనే ఇంగ్లీషు జంతుశాస్త్రవేత్తకు ఒక చిక్కు వచ్చింది. లెమూర్లు మడగాస్కర్‌లో బోలెడు. వాటి చుట్టాలు ఆఫ్రికాలో కొన్ని, ఇండియాలో ఒకటి రెండు రకాలు. మన శేషాచలం అడవుల్లో రాత్రిపూట పెద్ద కళ్ళేసుకుని చూసే దేవాంగపిల్లి ఆ చుట్టాల్లో ఒకటి. మధ్యలో ఇంత సముద్రం ఉంటే ఇవి ఎలా పంచుకున్నాయి? ఒకప్పుడు మధ్యలో నేల ఉండి ఉండాలి అనుకుని, దానికి లెమూర్ల పేరే పెట్టాడు. ఆ కాలానికి అది బుద్ధిగల ఆలోచనే. ఖండాలు కదులుతాయని అప్పటికి ఎవరూ గట్టిగా చెప్పలేదు. కదలనివి కలిసి ఉండాలంటే మధ్యలోది మునగాలి, ఇంకో దారి లేదు.

ఇంకో దారి 1912లో వెగెనర్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూపించాడు. ఖండాలే జరిగాయన్నాడు. యాభై ఏళ్ళు ఆయన్ని చాలామంది నమ్మలేదు. 1960ల్లో సముద్రపు అడుగు మధ్యలో చీలి రెండు వైపులా పరుచుకుంటోందని అయస్కాంత కొలతల్లో తేలాక వాదన ముగిసింది. తమాషా ఏమిటంటే దీనికి సాక్ష్యం మన సింగరేణి బొగ్గులోనే ఉంది. ఆ పొరల్లో నాలుక ఆకారంలో ఉండే గ్లాసాప్టెరిస్ ఆకుల ముద్రలు దొరుకుతాయి. అవే ఆకులు దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, అంటార్కిటికాలో కూడా ఉన్నాయి. ఈ నేలలన్నీ కలిసి ఉన్న మహాఖండానికి ప్రపంచమంతా వాడే పేరు గోండ్వానా. గోండుల దేశం అని అర్థం. మన ఆదిలాబాద్ గోండుల పేరు అంటార్కిటికా పాఠాల్లో వినిపించడం నాకు ఇప్పటికీ ముచ్చటే. ఆ పేరును మహాఖండం మొత్తానికి వాడిన ఆస్ట్రియా జియాలజిస్టు ఎడ్వర్డ్ సూస్ కూడా మధ్య భాగాలు మునిగిపోయాయనే అనుకున్నాడు. పెద్దవాళ్ళు కూడా తప్పుతారు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మడగాస్కర్, ఇండియా విడిపోయింది దాదాపు 8.8 కోట్ల ఏళ్ళ క్రితం. లెమూర్ల పూర్వీకులు మడగాస్కర్ చేరింది ఆ తర్వాత చాలా కాలానికి, ఆఫ్రికా నుంచి, బహుశా వరదల్లో కొట్టుకుపోయిన చెట్ల గుంపుల మీద. అంటే లెమూరియాకు పేరిచ్చిన లెమూర్లకు దాంతో అసలు సంబంధమే లేదు.

శాస్త్రజ్ఞులు వదిలేయకముందే ఆ మాటను వేరేవాళ్ళూ పట్టుకున్నారు. మానవజాతి పుట్టిల్లు అదే కావచ్చని జర్మనీలో హెకెల్ అనే జీవశాస్త్రవేత్త అన్నాడు. 1888లో దివ్యజ్ఞాన సమాజపు (థియోసాఫికల్ సొసైటీ) బ్లావట్‌స్కీ దాన్ని మనుషుల "మూడో మూలజాతి" ఉన్న చోటుగా రాసింది. వాళ్ళ ప్రధాన కేంద్రం మద్రాసులోని అడయారే. అక్కడి నుంచి తమిళ పండితుల చేతికి రావడానికి ఎంతసేపు?

తమిళ కథ గురించి కాస్త జాగ్రత్తగా చెప్తాను, ఎందుకంటే దాన్ని ఎగతాళి చేసేవాళ్ళంటే నాకు పడదు. పాత సంగం పద్యాల్లో ఉన్నది చిన్న మాట. పాండ్యరాజు నేలను సముద్రం తీసుకుంది, రాజు వేరే చోట కొత్త నేల సంపాదించుకున్నాడు. శిలప్పదికారం అనే పాత తమిళ కావ్యంలో పఃరుళి నదినీ కుమరి కొండనూ సముద్రం మింగిందని ఉంది. అంతే. తర్వాత ఎప్పటికో వచ్చిన వ్యాఖ్యానంలో మూడు సంగాలు, అంటే కవి పండితుల సభలు, వచ్చాయి. మొదటిది 4,440 ఏళ్ళు, రెండోది 3,700 ఏళ్ళు, మూడోది 1,850 ఏళ్ళు నడిచాయనీ, మొదటి రెంటి రాజధానులను కడలి ముంచిందనీ రాశారు. ఆ తర్వాతి వ్యాఖ్యాత మునిగిన నేలలో 49 నాడులు (చిన్న ప్రాంతాలు) ఉండేవని లెక్క చెప్పాడు. కుమరి కండం అనే మాట పురాణంలో భారతవర్షపు తొమ్మిది భాగాల్లో ఒకదాని పేరు. 20వ శతాబ్దంలో ఇవన్నీ లెమూరియా మ్యాపు మీద అతికాయి, ఒక జిల్లా అంత నేల కాస్తా ఆస్ట్రేలియా నుంచి ఆఫ్రికా దాకా సాగింది. కథ వయసు పెరిగే కొద్దీ మునిగిన నేల వైశాల్యం పెరగడం చూశారా? నిజంగా జరిగినదాన్ని మర్చిపోతూ వస్తే వివరాలు తగ్గాలి.

అయితే ఆ మొదటి చిన్న మాట, సముద్రం కొంత నేల తీసుకుంది అన్నది, నాకు అబద్ధంగా అనిపించదు. అసలు సంగతి ఇక్కడే ఉంది.

సుమారు 20 వేల ఏళ్ళ క్రితం భూమి మీద మంచు పరాకాష్ఠకు చేరింది. అంత నీరు మంచుగా గడ్డకట్టడంతో సముద్ర మట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. ముంబై పక్కన తీరం ఎంతో దూరం సముద్రంలోకి ఉండేది. కన్యాకుమారికి దక్షిణాన కూడా నేల ఉండేది. శ్రీలంకకు నడిచి వెళ్ళొచ్చు. తర్వాత మంచు కరిగి, సుమారు 7 వేల ఏళ్ళ క్రితానికి మట్టం దాదాపు ఇప్పటి స్థాయికి వచ్చింది. మధ్యలో సగటున వందేళ్ళకు ఒక మీటరు. 14,600 ఏళ్ళ క్రితం ఒక దఫాలో మాత్రం వందేళ్ళకు నాలుగు మీటర్ల వంతున పెరిగింది.

నాలుగు మీటర్లంటే ఎంత అని మీకు అనిపించొచ్చు. చిన్న లెక్క వేయండి. డెల్టా లాంటి చదును నేల కిలోమీటరుకు ఒక మీటరు వాలు ఉంటుందనుకుందాం. మట్టం నాలుగు మీటర్లు పెరిగితే తీరం నాలుగు కిలోమీటర్లు లోపలికి వస్తుంది. వందేళ్ళలో నాలుగు కిలోమీటర్లంటే ఏడాదికి 40 మీటర్లు. తాత గుడిసె వేసిన చోటు మనవడికి పెళ్ళీడు వచ్చేసరికి రెండు కిలోమీటర్ల అవతల సముద్రంలో ఉంటుంది. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లలకు ఏం కథ చెప్తారు? "మనకు ఒకప్పుడు పెద్ద ఊరుండేది, సముద్రం మింగేసింది" అనే చెప్తారు. ఆస్ట్రేలియా ఆదివాసుల్లో తీరం చుట్టూ 21 చోట్ల ఇలాంటి కథలే దొరికాయి. అవి 7 వేల ఏళ్ళకు పైబడిన జ్ఞాపకాలని వాటిని సేకరించిన ఇద్దరు పరిశోధకులు వాదిస్తున్నారు. నాకు వాళ్ళ వాదన నచ్చింది.

అలా మునిగిన నేల చేతికి దొరికిన చోటు కూడా ఉంది. ఇంగ్లండుకూ డెన్మార్కుకూ మధ్య ఇప్పుడు ఉత్తర సముద్రం. 1931లో అక్కడ ఒక చేపల పడవ వలలో పీటు ముద్ద పడింది. కుళ్ళిన మొక్కల మట్టి అన్నమాట. పగలగొడితే లోపల దుప్పి కొమ్ముతో చెక్కిన, ముళ్ళున్న ఈటె మొన! సముద్రం మధ్యలో వేటగాడి ఆయుధం ఏంటి? తర్వాత చమురు కంపెనీల సర్వేలు కూడా కలిపి చూస్తే అక్కడ నదులు, చిత్తడి నేలలు, గుట్టలతో ఒక దేశమంత మైదానం బయటపడింది. డాగర్‌ల్యాండ్ అని పేరు పెట్టారు. మెల్లగా మునుగుతూ వచ్చిన ఆ నేల మీదికి సుమారు 8,150 ఏళ్ళ క్రితం నార్వే తీరం దగ్గర సముద్రంలో జరిగిన పెద్ద మట్టిజారుడు వల్ల సునామీ కూడా వచ్చిపడింది.

ఇజ్రాయెల్ తీరంలో అట్లిత్ యామ్ అని ఇంకోటి ఉంది. పది మీటర్ల నీళ్ళ కింద సుమారు 9 వేల ఏళ్ళనాటి పల్లె. ఇళ్ళ పునాదులు, సమాధులు, రాతితో కట్టిన బావి ఉన్నాయి. సముద్రం దగ్గరయ్యే కొద్దీ ఆ బావిలో నీళ్ళు ఉప్పెక్కాయి. జనం తాగడం మానేసి దాన్ని చెత్తకుండీ చేసుకున్నారు. నాకు అట్లాంటిస్ బంగారు గోడలకంటే ఆ చెత్త నిండిన బావి ఎక్కువ గుర్తుంటుంది. బోర్లలో ఉప్పునీళ్ళు వస్తున్నాయని గొణుక్కునే కోనసీమ రైతుకు దాని సంగతి వెంటనే అర్థమవుతుంది.

ఇంకో మాట గమనించండి. సముద్రం ఆ నేలలను ముంచిన కాలంలో మనుషులు వేటాడుతూ, చేపలు పడుతూ, చివరి రోజుల్లో పల్లెలు కట్టుకుంటూ ఉన్నారు. పెద్ద నగరాలు వచ్చింది మట్టం నిలకడైన తర్వాతే, 5, 6 వేల ఏళ్ళ క్రితం. కాబట్టి నీళ్ళ కింద గుడిసెల ఆనవాళ్ళూ పొయ్యి బూడిదా దొరకొచ్చు. విమానాలు దొరకవు.

అట్లాంటిస్‌కు ఇంత ఓపిక అక్కర్లేదు. దానికి మూలం ఒక్కడే, ప్లేటో. క్రీ.పూ. 360 ప్రాంతంలో రెండు సంభాషణల్లో రాశాడు. అంతకుముందు గ్రీకుల్లో ఎవరూ ఆ కథ చెప్పిన దాఖలా లేదు. గర్వంతో కళ్ళు నెత్తికెక్కిన రాజ్యం ఏమవుతుందో చెప్పడానికి ఆయన అల్లిన నీతికథ అది. రెండో సంభాషణ మధ్యలోనే ఆగిపోతుంది కూడా, దేవతల రాజు నోరు తెరిచి మాట్లాడబోతుండగా! అంతకు పదమూడేళ్ళ ముందే, క్రీ.పూ. 373లో, హెలికే అనే గ్రీకు నగరం భూకంపం వచ్చి ఒక్క రాత్రిలో నీళ్ళపాలైంది. ప్లేటోకు ముడిసరుకు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించుకోవచ్చు. ఇక పసిఫిక్‌లోని "ము" ఖండం అయితే 1926లో చర్చ్‌వార్డ్ అనే ఆయన రాసిన పుస్తకంతో ప్రచారమైంది. ఇండియాలో ఒక గుడి పూజారి తనకు రహస్య పలకలు చూపించాడన్నాడు. ఏ గుడి, ఏ పలకలు అన్నది ఎవరికీ కనిపించలేదు. మన దేశాన్ని సాక్ష్యానికి లాగడం మాత్రం వాళ్ళకు సరదా.

సముద్రం అడుగున "వీధులు" కనిపించే గూగుల్ ఫొటో గురించి కూడా అడిగారు కదా. 2009లో అలాంటిదే ఒకటి వచ్చి ప్రపంచమంతా అట్లాంటిస్ అని గోల చేసింది. అవి లోతు కొలుస్తూ ఓడలు అడ్డంగా నిలువుగా తిరిగిన గీతలు. కొలిచిన చోట బొమ్మ స్పష్టంగా, కొలవని చోట మసకగా వస్తుంది.

"మరి ఖండాలు అసలు మునగవా" అంటే, చిన్న సవరణ చేసుకోవాలి. తెప్పను సాగదీస్తే పలచనవుతుంది, పలచనైతే కిందికి దిగుతుంది. న్యూజిలాండ్ చుట్టూ 49 లక్షల చదరపు కిలోమీటర్ల జీలాండియా అలాంటిదే. 94 శాతం నీళ్ళలోనే ఉంది. అది ఖండమేనని 2017లో జియాలజిస్టులు పత్రికలో వాదించారు. దాచలేదు చూశారా! మనకు దగ్గరలో ఇంకా మంచిది ఉంది. సీషెల్స్ దీవుల్లో నడి సముద్రంలో గ్రానైటు గుండ్లు ఉంటాయి, ఫొటో చూస్తే దుర్గం చెరువు పక్కన తీసినట్టే ఉంటుంది. ఇండియా ఉత్తరానికి వస్తూ వదిలేసిన ముక్క అది. మారిషస్ దీవి 90 లక్షల ఏళ్ళ పడుచు అగ్నిపర్వతం. కానీ దాని లావాలో 300 కోట్ల ఏళ్ళ వయసున్న జిర్కాన్ అనే ఖనిజపు రేణువులు దొరికాయని 2017లో ప్రకటించారు. కింద ఒక పాత ఖండపు తునక ఉంటే తప్ప అవి పైకి రావు. దానికి మారిషియా అని పేరు. వికారాబాద్ నల్లరాయిని 6.6 కోట్ల ఏళ్ళ క్రితం కక్కిన, భూమి లోపలి నుంచి ఉబికే వేడి ఊటే తర్వాత మారిషస్‌నూ కక్కింది. స్క్లేటర్ ఈ మాట వింటే సంతోషించేవాడు. ఆయన గీసిన చోటే నిజంగా ఒక మునిగిన ముక్క ఉంది, కాకపోతే అది మునిగేనాటికి మనిషి లేడు.

ద్వారక దగ్గరికి వస్తాను. శ్రీకృష్ణుడు వెళ్ళిపోయాక అర్జునుడు చూస్తుండగా సముద్రం ఊరిని ముంచిన ఘట్టం మహాభారతం మౌసల పర్వంలో ఉంది. 1980ల్లో పురావస్తు శాస్త్రవేత్త ఎస్.ఆర్. రావు గారి బృందం ద్వారక, బేట్ ద్వారక దగ్గర నీళ్ళలో దిగి రాతి కట్టడాలు, రాతి లంగర్లు బయటికి తెచ్చింది. అక్కడ పాత రేవు ఉండేదనడంలో నాకు సందేహం లేదు. ఏ కాలానిదన్న దాని మీదే తగవు. రాయికి వయసు కట్టొచ్చు, కానీ దాన్ని ఎప్పుడు చెక్కారో రాయి చెప్పదు. దాంతో పాటు అదే పొరలో బొగ్గో ఎముకో కుండ పెంకో ఉండాలి. 2001లో ఖంభాత్ సింధుశాఖలో "9,500 ఏళ్ళ నగరం" అని హడావుడి జరిగింది కూడా ఇక్కడే బోల్తా పడింది. ఆ వయసు ఒక కొయ్య ముక్కది. దాన్ని అడుగు నుంచి గోకి తీశారు, పొరలో ఉన్నదాన్ని ఉన్నచోట చూసి తవ్వలేదు. అక్కడి పోటు ప్రవాహం ఎంత బలమైనదంటే ఎక్కడి కొయ్య ఎక్కడికైనా కొట్టుకొస్తుంది. కాబట్టి ద్వారక విషయంలో నా మాట: భక్తికి లంగరు అవసరం లేదు, పురావస్తు శాస్త్రానికి లంగరు ఒక్కటే చాలదు.

ఇక మన తీరం. మునిగినవి చూడాలంటే యూట్యూబ్ ఎందుకు, కాకినాడ పక్కన ఉప్పాడ వెళ్ళండి. ఇళ్ళూ రోడ్డూ కళ్ళముందే కోతకు పోతున్నాయి. బాపట్ల వైపు మోటుపల్లి ఉంది. 1244లో కాకతి గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయ శాసనం వేయించిన రేవు అది. ఇప్పుడు చిన్న పల్లె. దాన్ని సముద్రం ముంచలేదు, రేవుగా పనికిరాకుండా పోయిందంతే.

అసలు కృష్ణా గోదావరి డెల్టాల్లో కథ తలకిందులుగా నడిచింది. నదులు మట్టి మోసి మోసి సముద్రాన్నే వెనక్కి నెట్టాయి. సుమారు 6 వేల ఏళ్ళ క్రితం తీరం కొల్లేరు దగ్గర ఉండేది. కొల్లేరు అప్పటి ఉప్పుకయ్య మిగులే. ఇప్పుడు సముద్రం అక్కడి నుంచి ముప్ఫై కిలోమీటర్లకు పైగా దూరం. మా అమ్మమ్మగారి ఊరు కైకలూరు దగ్గర. చిన్నప్పుడు పెరట్లో నుయ్యి తవ్వుతుంటే ఇసుకలో సముద్రపు గవ్వలు, చిప్పలు గంపలకొద్దీ వచ్చాయి. "ఇక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేదర్రా, అగస్త్యుడు తాగేశాడు" అంది అమ్మమ్మ. ఆ చిప్పల్లో ఒకటి ఇప్పటికీ నా టేబుల్ మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకుంటాను.